జాతిని బట్టి మంత్రశక్తి: మీ ఆటకు ఏ పద్ధతి నప్పుతుంది?

కొత్త ఫాంటసీ ప్రపంచాన్ని కట్టుకుని రోల్‌ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథను నడిపే ఆట) మొదలుపెట్టబోయే గేమ్ మాస్టర్ (ఆటను నడిపించేవారు) మొదటి సమావేశానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. పొడవు చెవుల ఎల్ఫ్ జాతిలో పుట్టినవారికి మంత్రవిద్య మనుషులకంటే సులువుగా అబ్బుతుందా? పొట్టి జాతివాడైన డ్వార్ఫ్‌కు అసలు అబ్బదా? లేక జాతి ఏదైనా అందరికీ ఒకటేనా? చాలామంది పుస్తకంలో ఉన్న నియమాన్ని ఉన్నట్టు తీసుకుని ముందుకు వెళ్లిపోతారు. దీన్ని అంత తేలిగ్గా వదిలేయకూడదు. ఆటగాళ్లు ఏ పాత్రలు ఎంచుకుంటారు, మీ ప్రపంచంలో ఎవరికి ఎవరంటే భయం, ఎవరి సంపద దేనిమీద నిలబడింది, ఇవన్నీ ఈ నిర్ణయాన్ని పట్టుకునే నడుస్తాయి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. జాతుల మధ్య మంత్రవిద్యలో తేడా ఉండాలి. ఉంటేనే ఎల్ఫ్ ఎల్ఫ్‌లా, డ్వార్ఫ్ డ్వార్ఫ్‌లా అనిపిస్తారు. అయితే ఆ తేడా మంత్రం వేసే తీరులో ఉండాలి. ఎంత ఎత్తుకు ఎదగగలరన్నది మాత్రం పాత్ర సాధనకు వదిలేయాలి. మిగతా పద్ధతులకూ తగిన చోట్లు ఉన్నాయి. అవి ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ దెబ్బతీస్తాయో చూద్దాం.

తలుపు మూసేయడం

అన్నిటికంటే పాత పద్ధతి నిషేధం. 1974లో వచ్చిన తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో డ్వార్ఫ్ యోధుడు మాత్రమే కాగలడు, అదీ ఆరో లెవెల్ (పాత్ర ఎదిగే మెట్టు) వరకే. హాఫ్లింగ్ అనే చిట్టి జాతికి నాలుగో లెవెల్‌తో సరి. ఎల్ఫ్ యోధుడిగా నాలుగు, మాంత్రికుడిగా ఎనిమిది దాటలేడు. మనిషికి మాత్రం ఏ హద్దూ లేదు. దీనికి బదులుగా డ్వార్ఫ్‌మీద మంత్రాలు అంత తేలిగ్గా పారవు. మంత్రాన్ని తట్టుకునే పాచిక వేసేటప్పుడు తన లెవెల్‌కు నాలుగు కలుపుకోవచ్చు. మనుషులే కేంద్రంగా ఉండే ప్రపంచం కావాలన్నది ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ ఉద్దేశం.

ఉద్దేశం సంగతి ఎలా ఉన్నా, లెవెల్ హద్దులో ఒక లోపం ఉంది. ఆట మొదటి లెవెల్లో మొదలవుతుంది. ఎల్ఫ్‌కు ఉండే అదనపు సౌకర్యాలన్నీ ఆ రోజే చేతికి వస్తాయి. చెల్లించవలసిన మూల్యం మాత్రం ఎప్పుడో హద్దు దగ్గరికి చేరినప్పుడు. చాలా ఆటలు అంతదూరం వెళ్లకుండానే ముగిసిపోతాయి, అంటే ఆ మూల్యాన్ని ఎవరూ చెల్లించరు. ఒకవేళ ఆట నిజంగా అంతదూరం సాగితే, ఏళ్లతరబడి ఆడుతున్న పాత్ర ఒకచోట ఆగిపోతుంది, పక్కనున్న మనిషి పాత్ర పెరుగుతూనే ఉంటుంది. ఈ రెంటిలో ఏది జరిగినా న్యాయం కుదరదు. 2000లో వచ్చిన ఆ ఆట మూడో ఎడిషన్ జాతిని బట్టి ఉన్న వృత్తి నిషేధాలను, లెవెల్ హద్దులను రెండింటినీ ఎత్తేసింది. మంచి పని చేసింది.

అలాగని నిషేధం ఎప్పుడూ చెడ్డదేనా అంటే, కాదు. 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే కంప్యూటర్ ఆటలో డ్వార్ఫ్‌లు మాంత్రికులు కాలేరు. దానికి కారణం ఆ ప్రపంచపు పునాదిలోనే ఉంది. అక్కడ మంత్రశక్తి వచ్చేది ఫేడ్ అనే స్వప్నలోకం నుంచి. డ్వార్ఫ్‌లు కలలు కనరు, అందుకే ఆ లోకంతో వారికి సంబంధం లేదు. అదే సమయంలో మాంత్రికులకు అత్యవసరమైన లిరియం అనే ఖనిజాన్ని భూగర్భం నుంచి తవ్వి అమ్మేది వారే. మంత్రం రాని జాతి చేతిలోనే మంత్రానికి కావలసిన ముడిసరుకు ఉందన్నమాట. పైగా డ్వార్ఫ్ పాత్రను ఎంచుకున్నవారికి ఓర్జామర్ అనే భూగర్భ నగరంలో వారికే ప్రత్యేకమైన ప్రారంభ కథలు రెండున్నాయి, రాజవంశీకుడికి ఒకటి, కులం లేనివాడిగా ముద్ర పడ్డవాడికి ఒకటి. తలుపు మూసినచోట మరో రెండు తెరిచారు. వార్‌హామర్ అనే ఆటల ప్రపంచంలోనూ ఇంతే. అక్కడి డ్వార్ఫ్‌లు మంత్రాలు వేయరు, కానీ లోహంలో రూన్‌లు అనే మంత్రాక్షరాలు చెక్కి శక్తిని బంధిస్తారు. ఆ విద్య వారిదే.

నిషేధాన్ని ఎంచుకునేవారు ఒక సంగతి గమనించాలి. రక్తం వల్ల వచ్చిన నిషేధం వేరు, చట్టం వల్ల వచ్చిన నిషేధం వేరు. 2004లో మొదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో నైట్ ఎల్ఫ్‌లు మేజ్ (మాంత్రికుడి) వృత్తిని ఎంచుకోవడానికి వీలుండేది కాదు. శక్తి లేక కాదు. వారి పూర్వికుల్లో ఒక వర్గం ఆర్కేన్ అనే మంత్రవిద్యను విచ్చలవిడిగా వాడి లోకాన్నే ముక్కలు చేసింది కనుక, బతికి బయటపడ్డవారు దాన్ని నిషేధించారు. 2010లో కాటాక్లిజమ్ విస్తరణ వచ్చినప్పుడు ఆ నిషేధం తొలగింది, వెలివేసిన ఆ వర్గాన్ని తిరిగి సమాజంలోకి రానిచ్చారు. కారణం చట్టం కాబట్టే కథ దాన్ని మార్చగలిగింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలో ఇది మరీ విలువైనది. "మా జాతికి మంత్రం రాదు" అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. "మా ఊళ్లో మంత్రం వేస్తే వెలివేస్తారు" అంటే ఆటగాడు వెంటనే ముందుకు జరుగుతాడు, వేసి చూద్దామని. నిషేధం కావాలనుకునేవారికి నా సలహా ఇదే: వీలైనంతవరకు దాన్ని చట్టంగా పెట్టండి.

అంకెల తేడా

ఇప్పుడు అందరికీ బాగా అలవాటైన పద్ధతికి వద్దాం. ఫలానా జాతికి ఫలానా స్కోరులో (బలం, తెలివి లాంటి గుణాన్ని కొలిచే అంకెలో) ఒకటో రెండో ఎక్కువ. చూడటానికి నిరపాయంగా ఉంటుంది కానీ, నా దృష్టిలో ఉన్నవాటిలో అన్నిటికంటే బలహీనమైన పద్ధతి ఇదే.

2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ నియమాలతో ఇద్దరు మాంత్రికులను పక్కపక్కన నిలబెట్టి చూడండి. పాయింట్లతో స్కోర్లు కొనుక్కునే పద్ధతిలో జాతి బోనస్ కలపకముందు ఏ స్కోరూ 15 దాటదు. ఇద్దరూ ఇంటెలిజెన్స్‌కు (తెలివికి) 15 కొనుక్కున్నారు. హై ఎల్ఫ్‌కు పుట్టుకతో ఒకటి కలిసి 16 అయింది. మౌంటెన్ డ్వార్ఫ్‌కు ఏమీ కలవలేదు. 16 ఉన్నవారి మాడిఫయర్ (పాచికకు కలుపుకునే అంకె) +3, 15 ఉన్నవారిది +2. ఇరవై ముఖాల పాచికమీద ఒక్క అంకె తేడా అంటే 5 శాతం. ఎల్ఫ్ వేసిన మంత్రాన్ని తప్పించుకోవాలంటే శత్రువుకు 13 పడాలి, డ్వార్ఫ్ మంత్రానికి 12 చాలు. మొదటి లెవెల్లో ఎల్ఫ్ రోజుకు నాలుగు మంత్రాలు సిద్ధం చేసుకుంటే డ్వార్ఫ్‌కు మూడే. నాలుగో లెవెల్లో ఇద్దరూ చెరి రెండు పాయింట్లు కలుపుకుంటే 18, 17. ఎనిమిదో లెవెల్లో 20, 19. పన్నెండో లెవెల్‌కు గానీ డ్వార్ఫ్ 20 అందుకోడు. అప్పటికి ఎల్ఫ్ ఆ పాయింట్లను మరో స్కోరుమీద పెట్టుకుంటాడు.

ఇరవైసార్లు పాచిక వేస్తే ఒక్కసారి ఫలితం మారుతుంది. ఆ ఒక్కసారి ఏదో బల్ల దగ్గర ఎవరూ గుర్తుపట్టలేరు. ఆ ఎల్ఫ్ మాంత్రికుడు డ్వార్ఫ్‌కంటే వేరుగా మంత్రం వేస్తున్నాడని ఎవరికీ అనిపించదు. కానీ పాత్రను తయారుచేసుకునే రోజున అదే తేడా కొండంత కనబడుతుంది. అంకెలు లెక్కపెట్టే ఆటగాడు డ్వార్ఫ్ మాంత్రికుడి ఆలోచనను అక్కడే చంపేసుకుంటాడు. కథకు ఏ రంగూ అద్దకుండా, ఎంపికను మాత్రం కుంచించుకుపోయేలా చేసే నియమం ఇది.

ఇంకో తమాషా ఉంది. ఆ డ్వార్ఫ్ నిజానికి బలహీనుడు కాడు. మౌంటెన్ డ్వార్ఫ్‌లకు పుట్టి పెరిగిన తీరువల్ల మధ్యరకం కవచాలు వేసుకోవడం వచ్చు. తనకు అలవాటున్న కవచంలో మాంత్రికుడు నిక్షేపంగా మంత్రాలు వేయవచ్చు. డెక్స్టెరిటీ (చురుకుదనం) 14 ఉన్న డ్వార్ఫ్ స్కేల్ మెయిల్ తొడుక్కుంటే రక్షణ 16కు చేరుతుంది. అదే డెక్స్టెరిటీ ఉన్న ఎల్ఫ్ మేజ్ ఆర్మర్ మంత్రం వేసుకున్నా 15 దగ్గరే ఆగుతాడు, దానికోసం మొదటి లెవెల్లో ఉన్న రెండు స్లాట్లలో (రోజులో మంత్రం వేయగల అవకాశాల్లో) ఒకటి ఖర్చు పెట్టాలి. అంటే ఇనుప పొలుసుల కవచంతో, గొడ్డలి నడుముకు కట్టుకుని, మంత్రపుస్తకం చంకన పెట్టుకుని నడిచే మాంత్రికుడు. ఎంత చక్కని పాత్ర! దాన్ని గుర్తుండిపోయేలా చేసింది కవచం. ఇంటెలిజెన్స్‌లో తగ్గిన ఒక్క అంకె దానికి ఇచ్చిందేమీ లేదు.

2020 నవంబరులో వచ్చిన అదనపు నియమాల పుస్తకం జాతి బోనస్‌లను ఇష్టం వచ్చిన స్కోరుకు మార్చుకోవడానికి వీలు కల్పించింది. మంచి ఉద్దేశమే. ఫలితం మాత్రం వింతగా వచ్చింది. మిగతా జాతులకు సాధారణంగా ఒకచోట రెండు, మరోచోట ఒకటి ఉంటే, మౌంటెన్ డ్వార్ఫ్‌కు రెండు చోట్ల రెండేసి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇంటెలిజెన్స్‌కు మార్చుకుంటే 17, రెండోది ఎటూ కాన్‌స్టిట్యూషన్‌కే (దేహదారుఢ్యానికే), కవచం ఎక్కడికీ పోలేదు. మంత్రానికి పనికిరాడనుకున్నవాడు అందరికంటే మంచి మాంత్రికుడయ్యాడు. అంకెలను మాత్రమే సవరించి, వాటి చుట్టూ అల్లుకున్న మిగతా లక్షణాలను అలాగే ఉంచితే జరిగేది ఇదే. ఇంటి నియమాలు రాసుకునేవారు ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకోవాలి.

కంప్యూటర్ ఆటల్లో అంకెల తేడా కొంత నయం, ఎందుకంటే ఒంటరిగా ఆడే ఆటలో పక్కవాడితో పోలిక లేదు. 2011 నాటి స్కైరిమ్‌లో అందరికీ మొదట 100 మాజికా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) ఉంటే హై ఎల్ఫ్‌కు 150. ఒక్కో లెవెల్‌కు పెంచుకోగలిగేది 10 కాబట్టి అది ఐదు లెవెల్‌ల పెట్టుబడితో సమానం. ఆట మొదటి గంటల్లో బాగా తెలుస్తుంది, తరువాత కరిగిపోతుంది. అంతకుముందు 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో హై ఎల్ఫ్‌కు 100 మాజికా అదనంగా ఇచ్చి, నిప్పు, మంచు, మెరుపు మూడింటి దెబ్బా 25 శాతం ఎక్కువ తగిలేలా చేశారు. నాకు ఈ పాత పద్ధతే నచ్చుతుంది. శత్రు మాంత్రికుడు ఎదురైనప్పుడల్లా నా పాత్ర ఎవరో నాకు గుర్తుచేస్తుంది.

ధర కట్టి కొనుక్కోవడం

మూడో దారి పాయింట్లది. గర్ప్స్ అనే ఆట నాలుగో ఎడిషన్‌లో మంత్రవిద్యకు కావలసిన సహజశక్తిని మేజరీ అంటారు. మొదటి మెట్టుకు 5 పాయింట్లు, ఆపైన ఒక్కో మెట్టుకు 10. జాతి కూడా పాయింట్లతో కొనుక్కునే ఒక మూటే. మీ ప్రపంచంలో ఎల్ఫ్‌లందరికీ మేజరీ ఉందంటే ఎల్ఫ్‌గా పుట్టడం అంత ఖరీదవుతుంది, అంతే. షాడోరన్ అనే ఆటలో మెటాటైప్‌కు (జాతికి), మంత్రశక్తికి, డబ్బుకు ఒకే పట్టికలో ప్రాధాన్యం కేటాయించాలి. ట్రోల్‌గా పుట్టి మాంత్రికుడు కావాలంటే మరెక్కడో కోత పడుతుంది. లెక్క సరిగ్గా ఉంటుంది, ఎవరికీ అన్యాయం జరగదు. చిక్కల్లా లెక్క తప్ప ఇంకేమీ ఉండకపోవడమే. పాయింట్ల ఆటలు ఆడి అలవాటున్న బృందానికి ఇది హాయిగా ఉంటుంది. కొత్తవారికి మొదటి సాయంత్రమంతా కూడికలు తీసివేతలతోనే గడిచిపోతుంది.

అందరికీ సమానం

2024 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలు స్కోరు పెంపును జాతి నుంచి పూర్తిగా తీసేసి, పాత్ర పెరిగిన నేపథ్యానికి ముడిపెట్టాయి. గ్రంథాలయంలో పెరిగినవాడికి చదువు అబ్బుతుంది, అతడు ఏ జాతివాడైనా సరే. 1978 నుంచి ఉన్న రూన్‌క్వెస్ట్ ఆట సంప్రదాయంలోనైతే మంత్రం దాదాపు అందరి సొత్తు. ఏ దేవుణ్ణి కొలుస్తావు, ఏ ఆరాధనా సంఘంలో చేరావు అన్నదాన్ని బట్టి నీకు వచ్చే మంత్రాలు మారతాయి.

కొత్తవారితో ఆడేటప్పుడు, రెండు మూడు సమావేశాల్లో ముగిసే చిన్న ఆటలకు సమానత్వమే సరైన ఎంపిక. చెప్పవలసింది తక్కువ, గొడవ తక్కువ. పెద్ద ఆటలో మాత్రం దీన్ని ఒంటరిగా వదలకూడదు. జాతికి వేరే ఏ గుణమూ ఇవ్వకపోతే ఎల్ఫ్ అంటే పొడవు చెవుల మనిషి, డ్వార్ఫ్ అంటే పొట్టి మనిషి అయి కూర్చుంటారు. 2024 నియమాలు రాసినవారికి ఈ సంగతి తెలుసు. అంకెలు తీసేసినా, హై ఎల్ఫ్‌కు మిస్టీ స్టెప్ (ఒకచోట మాయమై దగ్గర్లో మరోచోట తేలే మంత్రం) ఇచ్చారు, డ్రౌ అనే భూగర్భ ఎల్ఫ్‌కు చీకటి, నోమ్ అనే చిట్టి జాతిలోని అడవి నోమ్‌కు చిన్న భ్రమ కల్పించే మంత్రం అలాగే ఉంచారు.

తీరులో తేడా

నేను నిలబడేది ఇక్కడ. ప్రతి జాతికీ మంత్రం వస్తుంది, ఎంత పైకి ఎదగాలన్నా ఎదగవచ్చు. కానీ ఒక్కొక్కరికి అది ఒక్కో దారిలో వస్తుంది.

మాటల్లో చెప్తే గాలిలో మేడలా ఉంటుంది కనుక ఒక జాతిని కడదాం. మన ప్రపంచంలో డ్వార్ఫ్‌లు మంత్రాన్ని నోటితో వేయలేరు, వస్తువులో బంధించగలరు. డ్వార్ఫ్ మాంత్రికుడికి రోజుకు ఎన్ని మంత్రాలన్నది నియమాల పుస్తకంలో అతడి లెవెల్‌కు ఎన్నో అన్నే. ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు. తెల్లవారాక కూర్చుని ఒక్కో మంత్రాన్ని ఒక్కో వస్తువులోకి దించుతాడు, నిప్పును నాణెంలోకి, నిద్రను గంటలోకి, రక్షణను ఉంగరంలోకి. ఆ వస్తువు చేతిలో ఉన్నవారు ఎవరైనా దాన్ని విడుదల చేయవచ్చు. మర్నాటి సూర్యోదయానికి అది ఖాళీ అయిపోతుంది.

ఇప్పుడు ఆట ఎలా మారుతుందో చూడండి. బృందంలోని దొంగ నిప్పు నాణేన్ని జేబులో వేసుకుని కోటలోకి జారుకోవచ్చు, మాంత్రికుడు గోడ బయటే ఉన్నా సరే. డ్వార్ఫ్ స్పృహతప్పి పడిపోయినా యోధుడు ఉంగరం తిప్పి అందరినీ కాపాడవచ్చు. కానీ బృందం పట్టుబడి ఒంటిమీది వస్తువులన్నీ లాక్కున్నారంటే ఎల్ఫ్ చెరసాలలోనూ మంత్రం వేయగలడు, డ్వార్ఫ్ చేతులు కట్టుకుని కూర్చోవాలి. జేబుదొంగ డ్వార్ఫ్‌కు అందరికంటే పెద్ద శత్రువు. ఉదయం ఏ మంత్రం దేనిలో పెట్టాలన్న ప్రశ్నకు బృందమంతా కూర్చుని మాట్లాడుకోవాలి. ఎవరికీ ఒక్క అంకె కలపలేదు, తీయలేదు. అయినా ఆ డ్వార్ఫ్‌ను ఎవరూ ఎల్ఫ్ అనుకుని పొరబడరు.

ఇలాంటి లక్షణం రాసుకున్నప్పుడు అది నిలబడుతుందో లేదో తేల్చడానికి నేను ఒకటే పరీక్ష పెడతాను. దీనివల్ల లాభం ఏమిటి, నష్టం ఏమిటి అని అడిగితే రెండూ ఒకే లక్షణం నుంచి రావాలి. వస్తువును ఇతరులకు ఇవ్వవచ్చు, అందుకే దాన్ని ఇతరులు ఎత్తుకుపోవచ్చు. లాభం ఒకచోట, దానికి సర్దుబాటుగా అతికించిన నష్టం మరోచోట ఉంటే, కొన్నాళ్లకు ఆటగాళ్లు నష్టం ఎదురుకాని దారి వెతుక్కుంటారు.

మూడు జాతులకు ఇలా చేస్తే చాలు. పన్నెండు జాతులకు పన్నెండు తీరులు రాస్తే గేమ్ మాస్టర్‌కే గుర్తుండవు. మనిషిని మాత్రం మరిచిపోవద్దు. ఏమీ రాయకుండా వదిలేసేది ఎప్పుడూ మనిషి జాతినే. వార్‌హామర్‌లో మానవ మాంత్రికులు ఎనిమిది మాంత్రిక పవనాల్లో ఒక్కదానికే కట్టుబడి ఒక విద్యాలయంలో చేరతారు. హై ఎల్ఫ్‌లు ఎక్కువ పవనాలను కలిపి వాడగలరు. మనిషి తక్కువవాడనిపించినా, ఆ ఒక్క పవనమే అతడి వేషాన్ని, స్వభావాన్ని, శత్రువులను నిర్ణయిస్తుంది. ఆడటానికి అదెంతో సరుకు.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కానే కాదు. ఘటోత్కచుడికి మాయ పుట్టుకతో వచ్చింది, రాత్రివేళ రాక్షసులకు బలం పెరుగుతుంది కనుకనే పద్నాలుగో నాటి రాత్రి యుద్ధంలో అతణ్ణి ఆపడానికి కర్ణుడు అర్జునుడికోసం దాచుకున్న శక్తి ఆయుధాన్నే వాడవలసి వచ్చింది. మారీచుడు లేడిగా మారగలిగాడు. కామరూపం, మాయ వారి తీరు. కానీ రావణుడు రావణుడైంది తపస్సుతో. విశ్వామిత్రుడు రాజుగా పుట్టి బ్రహ్మర్షి అయిందీ తపస్సుతోనే. తీరు పుట్టుకది, స్థాయి సాధనది.

పుట్టుక అన్నప్పుడు

అదే పురాణాల్లో రెండో ముఖం కూడా ఉంది. తపస్సు చేసినందుకు శంబూకుడు తల పోగొట్టుకున్నాడు. విలువిద్య నేర్చినందుకు ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చుకున్నాడు. ఫలానా పుట్టుకవారికి ఫలానా విద్య అబ్బదు, అబ్బకూడదు అనే మాట మన నేలమీద తరాలపాటు నిజమైన మనుషులమీద అమలైంది. అందుచేత "ఓర్క్‌లు మందబుద్ధులు, వారికి మంత్రం ఎక్కదు" అన్న వాక్యాన్ని తెలుగు బల్ల దగ్గర చదివితే, అక్కడున్నవారిలో ఎవరికైనా అది ఆటలోని మాటగా మాత్రమే వినబడకపోవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌లో హాఫ్ ఓర్క్‌కు ఇంటెలిజెన్స్‌లో రెండు, కరిష్మాలో రెండు కోసేశారు. ఆ కోత నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

అలాంటి ప్రపంచాన్ని ఆడకూడదని నేననను. మాంత్రికులు పుట్టుకతో పాలకులైన రాజ్యంపై తిరుగుబాటు చేసే కథ అద్భుతంగా ఉంటుంది. అయితే ఆ అన్యాయం కథలోని మనుషులు చేసిందై ఉండాలి. నియమాల పుస్తకమే ఆ అన్యాయాన్ని ప్రకృతి ధర్మంగా ప్రకటిస్తే తిరుగుబాటుకు అర్థం ఉండదు. "ఓర్క్‌లకు విద్యాలయంలో ప్రవేశం లేదు" అని రాయండి. "ఓర్క్‌లకు బుద్ధి తక్కువ" అని రాయకండి. మొదటి సమావేశానికి ముందే బృందంలో అందరినీ ఈ విషయం అడగండి, ఎవరికైనా ఇబ్బంది ఉంటే కారణం చెప్పమని ఒత్తిడి చేయకండి.

ఏ బల్లకు ఏది

కొత్తవారు, చిన్న ఆట అయితే సమానం. పాయింట్లు లెక్కపెట్టడం ఇష్టపడేవారికి ధర పద్ధతి. మంత్రం అరుదైన ప్రపంచం, అందులో ఒక జాతి మంత్రానికి బయట ఉండటమే కథకు ప్రాణం అయితే నిషేధం, కానీ ఆ జాతికి మరెవరికీ లేనిది ఒకటి ఇచ్చిన తరువాతే. ఏడాదికి పైగా నడిచే ఆట, సొంత ప్రపంచం అయితే తీరులో తేడా. రాయడానికి రెండు వారాంతాలు పోతాయి, పోయినా పరవాలేదు. అంకెల పద్ధతిని ఒంటరిగా ఏ బల్లకూ సూచించను. పుస్తకంలో ఉంది కాబట్టి తీసేయలేమంటే, ఆ బోనస్‌ను ఆటగాడు కోరిన స్కోరుకు మార్చుకోనివ్వండి, మౌంటెన్ డ్వార్ఫ్ విషయంలో మాత్రం రెండింటిలో ఒకదాన్ని ఒకటికి తగ్గించండి.

ఇప్పటికే ఆట సగంలో ఉండి పద్ధతి మార్చాలనుకుంటే ఉన్న పాత్రల నుంచి ఏదీ తీసుకోవద్దు. పాత బోనస్‌లు అలాగే ఉంచి, కొత్త తీరును ముందు కథలో ఎదురయ్యే ఒక పాత్రకు ఇచ్చి చూపించండి. దారిలో కలిసిన ఒక ముసలి డ్వార్ఫ్ గంటలో నిద్రను బంధించడం చూశాక, మీ బృందంలోని డ్వార్ఫ్ ఆటగాడే అది నేర్చుకోవచ్చా అని అడుగుతాడు. అడిగితే ఒక సమావేశం మొత్తం ఆ శిక్షణకు ఇవ్వండి, పాత పద్ధతిలోని ఒక లక్షణాన్ని అతడే ఎంచుకుని వదులుకోనివ్వండి. అడగకపోతే పాత పద్ధతిలోనే ఆడనివ్వండి, కొత్తగా చేరే పాత్రలకు మాత్రం కొత్త నియమం వర్తిస్తుందని ముందే చెప్పండి.